క్లాంపు కింద పసుపు దారం

నేను చేసే పని ఏమిటో మా అత్తగారికి ఇన్నేళ్ళయినా అర్థం కాలేదు. "మోటార్ల కంపెనీ" అని చర్చిలో అందరికీ చెప్పింది. దాంతో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కోటవురట్ల నుంచి ఒకాయన, కాలిపోయిన తన బోరు మోటారుని గోనెసంచిలో చుట్టి, బండి మీద పెట్టుకుని మా గుమ్మంలోకే తెచ్చేశాడు. "మా కోడలు సూత్తాది" అని మా అత్తగారు మాటిచ్చేసిందట. నాకసలే ముక్కు మీద కోపం. ఆయన ఎదుటే అత్తగారిని నాలుగు అనేశాను. పాపం ఆయన ఆ సంచిని మళ్ళీ బండికి కట్టుకుని, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అత్తగారిని కూర్చోబెట్టి చెప్పాను. "నేను మోటారు ముట్టుకోనత్తా. చమురు బావులని ఉంటాయి. మన బోర్ల లాంటివే గానీ కిలోమీటర్ల లోతు. అడుగున పొడుగాటి మోటారు, పైన పంపు. ఆ రెండింటికీ మధ్య మనిషెత్తు ఉక్కు గొట్టం ఒకటి బిగిస్తారు. దాన్ని సీల్ సెక్షన్ అంటారు. మేం కట్టేది అదే."

"దానికేటి పని?" అంది.

"మోటారు నిండా శుభ్రమైన నూనె ఉంటుంది. బావిలోనేమో ఉప్పునీళ్ళు, ఇసక, చమురు. ఆ నీళ్ళు చుక్క కూడా మోటార్లోకి దిగకూడదు. మోటారు వేడెక్కితే నూనె పొంగుతుంది, చల్లారితే తగ్గుతుంది. ఆ పొంగుకీ తగ్గుకీ చోటిస్తూ, బయటి నీళ్ళని లోపలికి రానివ్వకుండా ఆపేది మా గొట్టం. లోపల రబ్బరు సంచులుంటాయి."

అత్తగారు అంతా విని, "అయితే కాపలా ఉద్యోగం అన్నమాట" అని తేల్చేసింది. ఇంజనీర్లెవరూ నాకు అంత బాగా చెప్పలేదు.

ఈ పని నాకు నేర్పింది వదిన. నిజానికి మా ఇద్దరికీ ఏ వరసా లేదు. ఆవిడ పుట్టిందీ మెట్టిందీ కృష్ణదేవిపేట, ఉద్యోగం కోసం నర్సీపట్నంలో అద్దెకుండేవాళ్ళు. శుక్రవారం శుక్రవారం గడపకి పసుపు రాసే మనిషి ఆవిడ. నేను పుట్టింది మిషను చర్చి కుటుంబంలో. కంపెనీ అనకాపల్లి అవతల. తెల్లారి ఐదున్నరకి నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురుగా కంపెనీ బస్సు ఆగుతుంది. నేను చేరిన మొదటి రోజు ఎక్కడ కూర్చోవాలో తెలీక బిక్కమొహం వేసుకుని నిలబడితే, మూడో వరసలోంచి ఒకావిడ చెయ్యి ఊపింది.

"ఇలా రాయే. కిటికీ మాత్రం నాది, నాకు బస్సు పడదు. నీకు వాంతులొత్తాయేటి?"

రావన్నాను.

"అయితే మనకి కుదిరిపోనాది" అంది.

నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఆ సాయంత్రం తిరిగొచ్చేసరికే వదినా అని పిలుస్తున్నాను. ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచినట్టు నాకు గుర్తు లేదు. ఒసే అనేది. మరీ ముద్దొస్తే మరదలుపిల్లా అనేది.

బల్లకి అటొకరు ఇటొకరు ఉండి చేసే పని మాది. రబ్బరు సంచి మెడని లోపలి సన్న గొట్టం మీదకి లాగి, ముడత పడకుండా నేను పట్టుకోవాలి. దానిమీద క్లాంపనే ఉక్కు పట్టీ పెట్టి వదిన బిగించాలి. బిగించే ఒక్కో తిప్పుకీ నేను "ఊ" అనాలి. అంటే రబ్బరు పక్కకి జరగలేదని అర్థం. అలా అనమని కంపెనీ పుస్తకంలో ఎక్కడా లేదు, వదిన పెట్టిన పద్ధతి. నేను ఊ అనకపోతే ఆవిడ చెయ్యి కదలదు. మొదటి నెలలో ఒకసారి ఆవులింత వచ్చి ఊ అనడం మర్చిపోయాను. ఆవిడ అలాగే పానా పట్టుకుని నిలబడిపోయింది. "నిద్రొత్తే సెప్పే, పక్కేత్తాను" అంది. చుట్టుపక్కల బల్లల వాళ్ళందరూ నవ్వారు. నాకు కోపమొచ్చి ఆ పూటంతా ఊ తప్ప మరో మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర తన టిఫిన్లోంచి చేపముక్క తీసి నా పళ్ళెంలో పడేసింది. అంతటితో సరి.

బిగించాక నూనె నింపడం. చేతిపంపుతో అడుగు నుంచి నెమ్మదిగా, గొట్టం లోపలి గదులు ఒక్కొక్కటే నింపుకుంటూ పైకి రావాలి. తొందరపడితే గాలి లోపల చిక్కుకుంటుంది. కొంచెం కొట్టి ఆపాలి. పైన చిన్న బెజ్జంలోంచి బుడగలొస్తాయి. అవి పూర్తిగా ఆగేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. మళ్ళీ కొంచెం కొట్టాలి, మళ్ళీ ఆగాలి. కొత్తవాళ్ళకి ఈ ఆగడమే నరకం. మాకు మాత్రం ఇష్టమైన పని అదే. మాస్కుల వెనక ఎన్ని కబుర్లు! వాళ్ళాయన గురక, మా అత్తగారి మోటారు, సెంటర్లో కొత్తగా పెట్టిన గాజుల కొట్టు, ఏటికొప్పాక వెళ్ళి పిల్లలకి కొన్న లక్కపిడతలు రెండ్రోజుల్లో మంచాల కిందకి పోయిన వైనం, ఎవరింట్లో ఏ కూర. పెళ్ళికి ముందు నేను పడ్డ కష్టాలు మా ఆయనకి కూడా అన్నీ తెలీవు. ఆవిడకి తెలుసు. "బుడగలు ఆగిపోనాయే, కొట్టు" అని ఆవిడ అన్నప్పుడల్లా, ఇంకాసేపు వస్తే వీటి సొమ్మేం పోయింది అనిపించేది.

మేం కట్టినవి ఏ బావిలో దిగుతాయో మాకెవరూ చెప్పరు. ఒకసారి సూపర్వైజరుగారు తన ఫోనులో వీడియో చూపించారు. ఎక్కడో ఎడారి. ఎత్తైన ఇనప చట్రం కింద, మాలాంటివాళ్ళు కట్టిన గొట్టమే, నేలలోకి దిగుతోంది. పట్టుమని నిమిషం లేదు. వదిన రెండోసారి వెయ్యమని అడిగింది.

"అంతేటండి? అంత కష్టపడి కడితే అలాగ ములిగిపోనాదా?" అంది.

ఆ సాయంత్రం బస్సులో, "ఒక్కపాలి మనిద్దరం ఎల్లి సూడాలే ఆ బావిని" అంది. ఎక్కడుందో తెలీని బావికి ఏ చీర కట్టుకు వెళ్ళాలో మాకవరపాలెం వచ్చేదాకా మాట్లాడుకున్నాం.

మా పనిలో ఒక తిరకాసుంది. బాగా కట్టినది ఏళ్ళ తరబడి మళ్ళీ కంటికి కనపడదు. తొందరగా తిరిగొచ్చిందంటే ఏదో పాడైందనే. అలా వచ్చినవాటిని విప్పి తప్పెక్కడో వెతుకుతారు. ప్రతి గొట్టానికీ నంబరుంటుంది. ఆ నంబరుకి ఏ రోజు కట్టారో, ఎవరు కట్టారో రాసిన కాగితం ఉంటుంది. అందుకే శుభ్రం గురించి మా దగ్గర అంత పట్టింపు. లోపలికి వెళ్ళేముందు చేతులకి ఏమీ ఉండకూడదు. ఉంగరం, వాచీ, దారం, గాజు, ఏదీ. నాకైతే ఒక్క వాచీ. పెళ్ళైన మిగతావాళ్ళకి అది పెద్ద గొడవ. ముత్తైదువ బోసిచేతులతో పని చెయ్యడమేమిటని వదినా వాళ్ళ అత్తగారు ఉద్యోగమే మానమందట. చివరికి వదినే ఒక దారి కనిపెట్టింది. తలుపు దగ్గర అరలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుంది. గాజులు అందులో పెట్టి, మూత మీద అరచెయ్యి ఆనించి, ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. సాయంత్రం బయటికొచ్చాక మంచినీళ్ళ కన్నా ముందు గాజులు తొడుక్కునేది. నెల తిరిగేసరికి ఆ అరలో ఇరవై డబ్బాలు చేరాయి.

ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం నాడు మాకు సెలవు లేదు. వదిన ఎప్పుడు లేచిందో ఏమో, పూజ ముగించుకుని, తలలో పూలతో, కాళ్ళకి పసుపుతో, స్టీలు టిఫిన్ నిండా బూరెలతో బస్సెక్కింది. తాళ్ళపాలెం రాకముందే సగం బూరెలు నేనే తినేశాను. అప్పుడు రుమాల్లోంచి ఒక తోరం తీసింది. పసుపు రాసిన దారం, తొమ్మిది ముళ్ళు, ఒక ముడిలో చామంతి రేకు.

"సెయ్యి పట్టు" అంది.

"నాకెందుకు వదినా? మా అత్తగారు చూసిందంటే పాస్టరుగారిని పిలిపించి నా మీద ప్రార్థన చేయిస్తుంది."

"అమ్మోరి కోసం కాదులేయే. నా కోసం కట్టించుకో. తొమ్మిది ముళ్ళూ నానే ఏసేను, నీ పేరు సెప్పుకోని."

చెయ్యి పట్టాను. బిగించి కట్టింది. ఆవిడ ఏది బిగించినా అంతే.

కంపెనీ తలుపు దగ్గర ఆవిడ తన తోరం విప్పి, గాజులతో పాటు డబ్బాలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను నాది విప్పబోతే ముడి రాలేదు. గోళ్ళతో లాగాను, పళ్ళతో లాగాను. కోసెయ్యడమే దారి. కత్తెర అక్కడే మేకుకి వేలాడుతోంది. చేతిలోకి తీసుకున్నాను కూడా. కోయలేకపోయాను. నా పేరు చెప్పుకుని వేసిన ముళ్ళు కదా. మా అమ్మ పోయాక నా పేరు చెప్పుకుని ఎవరైనా ఏదైనా చేశారా? తోరాన్ని మోచేతి వైపుకి నెట్టి, దానిమీదకి కోటు చెయ్యి లాగి, ఆ పైన గ్లౌజు ఎక్కించాను. ఎవరూ చూడలేదు.

సాయంత్రం గ్లౌజులు తీయబోయేసరికి తోరం మణికట్టు దగ్గరికి జారి, ఒక కొస గ్లౌజు అంచు దాటి బయటికొచ్చి ఉంది. ఆ కొస పీచుపీచుగా లేచి, రెండో కొస కన్నా పొట్టిగా కనిపించింది. చెమటకి అలా అయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా అనుకుందామని నిర్ణయించుకున్నాను. ఇంటికెళ్ళి మా అత్తగారు చూడకముందే కోసేసి, దిండు గలేబులో దాచుకున్నాను.

ఎనిమిది నెలల తర్వాత ఒక గొట్టం తిరిగొచ్చింది. నీళ్ళు దిగి, దాని కింద మోటారు కాలిపోయింది. విప్పి చూస్తే పై గదిలో సంచి మెడ దగ్గర, క్లాంపు కింద, వేలిగోరంత పసుపు దారం ఉంది. కంపెనీలో గాలి పెట్టి పరీక్షించినప్పుడు ఆ మెడ లీకవకుండా ఆగింది. బావి వేడికి, ఆ దారం పక్కనున్న సందులోంచి కాస్త కాస్తగా నీరు దిగింది.

సూపర్వైజరుగారు మా ఇద్దరినీ పిలిచారు. గుంటూరు వైపు మనిషి, చెడ్డవాడు కాదు. బల్లమీద తెల్లకాగితం, దానిమీద చిన్న కవరు, అందులో ఆ ముక్క. మా కాగితంలో ఉన్న తేదీ చదివారు. అది శ్రావణ శుక్రవారమని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆయన చూపు వదిన బొట్టు మీదికి వెళ్ళింది. అక్కణ్ణుంచి కాళ్ళ పసుపు మీదికి వెళ్ళింది. తర్వాత నావైపు తిరిగి, "మీకీ తాళ్ళు ఉండవు కదమ్మా" అన్నారు.

ఆయన అడగలేదు. తనే చెప్పేశారు. నేను ఔననలేదు, కాదనలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వదిన నావైపు ఒక్కసారి చూసింది. చూసి, ఆయనతో, "నాదేనండి" అంది.

రూలు తెలిసి కూడా దారంతో లోపలికొచ్చినందుకు ఆ రోజే ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు.

కారణాలు చెప్పమంటే బోలెడు చెప్తాను. మా ఆయన అప్పుడు కాలు విరిగి మంచం మీదున్నాడు, నా జీతంతోనే పొయ్యి వెలుగుతోంది. రెండ్రోజులాగి సూపర్వైజరుగారి కోపం తగ్గాక చెబుదామనుకున్నాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఇవన్నీ నేను తర్వాత ఏరుకొచ్చిన కారణాలు. ఆ క్షణంలో నాకు భయం వేసింది, అంతే. కోటవురట్ల పెద్దమనిషి మీద, అత్తగారి మీద, కూరగాయలవాడి మీద లేచే నోరు కావలసిన ఒక్కసారికి పెగల్లేదు.

సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. కిటికీ దగ్గర ఆవిడ, ఇటు నేను. ఆవిడ ఒళ్ళో గాజుల డబ్బా. గంటన్నర ప్రయాణం. తాళ్ళపాలెం దాటింది, మాకవరపాలెం దాటింది. నోరు తెరిచాను, మూశాను. కాంప్లెక్స్ దగ్గర దిగి, "జాగర్తే" అని వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే అద్దిల్లు ఖాళీ చేసి కృష్ణదేవిపేట వెళ్ళిపోయారు. ఫోను చేస్తే మొదట్లో ఎత్తేది. బాగున్నావా వదినా అంటే, బాగున్నానే అనేది. తర్వాత ఆగేది. నేను వానల గురించో పిల్లల గురించో ఏదో వాగేదాన్ని. "సరే, పనుందే" అని పెట్టేసేది. కొన్నాళ్ళకి ఆ నంబరు పనిచెయ్యడం మానేసింది.

మనిషి లేకపోవడం అంటే ఏమిటో నాకు మా అమ్మ పోయినప్పుడు కూడా అంతగా తెలీలేదు. ఎదురుగా కొత్తమ్మాయి వచ్చింది. పని బాగానే చేస్తుంది. బిగిస్తుంటే నేను అలవాటుకొద్దీ ఊ అంటే, ఆ పిల్ల ఉలిక్కిపడి "ఏమైందక్కా?" అనేది. మానేశాను. బుడగల కోసం ఆగినప్పుడు ఆ అమ్మాయి గోడ గడియారం చూసేది, నేను బుడగల్ని చూసేదాన్ని. అవి ఎప్పుడు ఆగుతాయా అని ఇద్దరం ఎదురుచూసేవాళ్ళం. బస్సులో కిటికీ సీటు మీద నా సంచి పెట్టి ఉంచేదాన్ని. ఎవరైనా కూర్చోబోతే కసిరేదాన్ని. నా సంగతి తెలిసి ఎవరూ రెట్టించేవాళ్ళు కాదు. చేపల కూర వండితే వదిన గుర్తొచ్చేది. గాజుల కొట్టు మీదుగా వెళ్తే గుర్తొచ్చేది. ఏ సంగతీ లేకుండా, బట్టలు ఆరేస్తుంటే, దండెం దగ్గర తడిబట్ట పట్టుకుని నిలబడిపోయేదాన్ని. వదినతో చెప్పాలి అనిపించేవి రోజుకి పది ఉండేవి. ఎవరితో చెప్పను? మా ఆయనకి చెప్తే "ఊఁ" అంటాడు. వినకుండానే అంటాడు.

రెండుసార్లు కృష్ణదేవిపేట వెళ్దామని షేర్ ఆటోల దగ్గరికి వెళ్ళాను. ఒకసారి ఎక్కి కూర్చున్నాను కూడా. మనుషులు నిండేదాకా ఆటో కదలదు కదా. ఆ కాసేపట్లో ధైర్యం కాస్తా దిగిపోయి, నేనూ దిగిపోయాను. చర్చిలో మోకాళ్ళ మీద కళ్ళు మూసుకుంటే ఆవిడే ఎదురుగా పానా పట్టుకుని, నా మాట కోసం చూస్తూ ఉండేది. ఒప్పుకోవాల్సింది దేవుడి దగ్గర కాదని నాకు తెలుసు. తెలిసి తెలిసి, మూడేళ్ళు దేవుడితోనే సరిపెట్టాను.

ఈలోగా కంపెనీవాళ్ళు ఆ దారం ముక్కకి అద్దాల పెట్టె కట్టించారు. కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పే గదిలో గోడకి తగిలించి, పక్కన కాలిన మోటారు ఫోటో పెట్టారు. కొత్తగా చేరిన ఆడపిల్లలకి మొదటి రోజే అది చూపించి, జరిగింది చెప్పాలి. పాతవాళ్ళలో మాటకారిని నేనేనని ఆ పని నాకు అప్పగించారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. "ఒకావిడ పూజ చేసుకుని, చేతి తోరం విప్పకుండా లోపలికొచ్చింది" అని మొదలుపెట్టేదాన్ని. ఒకసారి కాదు, నాలుగు జట్లకి చెప్పాను. చెప్పగా చెప్పగా నోటికొచ్చేసింది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కళ్ళు పెద్దవి చెయ్యాలో కూడా వచ్చేసింది. ఛీ, నా బతుకు!

ఐదో జట్టులో చింతపల్లి పైనున్న గూడెం నుంచి వచ్చిన ఒక పిల్ల ముందు వరసలో కూర్చుంది. నేను చెప్పడం అయ్యాక లేచి నిలబడింది.

"అక్కా, ఆవిడకి ఎదురుగా ఒకలుంటారు గదా, సంచి పట్టుకున్నోళ్ళు. ఆళ్ళు సూడలేదా?"

మూడేళ్ళలో ఎవరూ అడగని మాట. సూపర్వైజరుగారు అడగలేదు, ఇంజనీర్లు అడగలేదు. నిన్నగాక మొన్న కొండ దిగొచ్చిన పిల్ల అడిగింది.

"సంచి పట్టుకున్నది నేనే" అన్నాను. "దారం కూడా ఆవిడది కాదు. నా చేతిది."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకమ్మాయి, ఇదీ పాఠంలో భాగమే అనుకుని, కిసుక్కున నవ్వింది.

అటునుంచి అటే సూపర్వైజరుగారి గదికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఫ్యాను వైపు చూశారు. "మూడేళ్ళమ్మా" అన్నారు. నన్ను తీసేసినా సరే, ఆవిణ్ణి మాత్రం రప్పించండి అన్నాను. "మీ సంగతి పైవాళ్ళు తేలుస్తారు. ఆవిడ వస్తానంటే నేను తీసుకుంటాను. ముందు వెళ్ళి అడగండి" అన్నారు.

అడగడమేమిటి, వచ్చేస్తుంది అనుకున్నాను. ఆ రెండ్రోజులూ నాకు కాలు నిలవలేదు. బస్సులో కిటికీ సీటు మీద దుమ్ముంటే రుమాలుతో తుడిచాను. నన్ను తీసేసినా ఆవిడైనా ఆ బల్ల దగ్గర ఉంటుంది, తియ్యకపోతే ఇద్దరం ఉంటాం. తిడుతుంది, తిట్టనీ. ఎన్ని తిడితే అంత మంచిది అనుకున్నాను.

ఆదివారం చర్చికి వెళ్ళలేదు. అత్తగారు ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకుంది. షేర్ ఆటోలో పదిమందిమి, నా ఒళ్ళో ఎవరిదో కోడి. వాన పడుతూ ఆగుతూ ఉంది. కృష్ణదేవిపేటలో ఇల్లు కనుక్కుంటే, పొలంలో ఊడుపులకి వెళ్ళిందన్నారు.

గట్టెక్కి చూస్తే పదిమంది ఆడవాళ్ళు వరసగా వంగి వరి నాటుతున్నారు. వంగిన ఆ నడుముల్లో ఆవిడది ఏదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మోచేతుల దాకా బురద, బురదలోంచి ఆకుపచ్చ గాజులు.

"వదినా!" అని కేకేశాను.

తలెత్తింది. "ఓలమ్మ! నువ్వేటే ఇక్కడ? పిల్లలు బాగున్నారా?" అంది. మొహం నిండా నవ్వు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నీతో మాట్లాడాలి వదినా."

"వరసలో ఆగిపోతే ఈళ్ళు నన్ను తిడతారే. దిగు. నారందుకో."

చెప్పులు గట్టుమీద వదిలి, చీర ఎగదోపుకుని దిగాను. పిక్కల దాకా బురద. పట్నంలో పుట్టినదాన్ని, నాకు నాటడమేం తెలుసు? నేను పెట్టిన మొక్కలు తేలిపోతున్నాయి. "అలాగ కాదే, ఏళ్ళతోటి నొక్కు" అని ఆవిడ నా వరసలోకి చెయ్యి చాపి సరిచేసింది. మూడేళ్ళ తర్వాత ఆ చేతులు నా చేతుల పక్కన పనిచేస్తున్నాయి. ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుందామంటే రెండు చేతులూ బురదే.

వంగే చెప్పాను. ముడి రాకపోవడం, కత్తెర పట్టుకుని కోయలేకపోవడం, కొస పొట్టిగా ఉండటం, ఆ రోజు గదిలో నా నోరు పడిపోవడం. "అది నాది వదినా" అన్నాను.

"తెల్సు" అంది. చెయ్యి ఆగలేదు. "నాది డబ్బాలో ఉంది కదే. సాయంత్రం తీసి కట్టుకున్నాను. పోగు కూడా ఊడలేదు."

"మరి నీదని ఎందుకన్నావు?"

"కట్టింది నానే గదా. ఇప్పలేకుండా బిగించిందీ నానే. నీ ఇంట్లో పొయ్యి ఎలాగ ఎలుగుతుందో నాకు తెల్దేటి? ఆ గదిలో నాదనేసేను. బయటికొచ్చేక సెప్తావనుకున్నాను. బస్సులో సెప్తావనుకున్నాను, దిగీదాకా సూసేను. కంపెనీకి కాదే. నాకు. వదినా, అది నాది, అని ఒక్క మాట. నువ్వు ఫోను సేసినప్పుడల్లా ఇప్పుడంటాదేమో అని ఆగీదాన్ని. నువ్వు వానలు కురిసేయా అని అడిగీదానివి."

"తప్పైపోయింది వదినా. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. అందరి ముందూ చెప్పేశాను, సూపర్వైజరుగారితోనూ చెప్పాను. నిన్ను తీసుకుంటామన్నారు. రా వదినా. నువ్వు లేకుండా నాకక్కడ ఏదీ బాగోలేదు. అక్కడనే కాదు, ఎక్కడా బాగోలేదు."

ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని నిటారుగా నిలబడింది. నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపమేమీ లేదు. హమ్మయ్య అనుకున్నాను, పిచ్చిదాన్ని.

"రెండేళ్ళు నీ మీద కోపంతోటే అన్నం తిన్నానే" అంది. "నిద్దర లేత్తే నువ్వే, పొలంలో నువ్వే. ఎన్ని తిట్లు తిట్టుకున్నానో, అయ్యన్నీ నీతోటి మాట్లాడినట్టే ఉండీది. ఆ తర్వాతెప్పుడో కోపం పోనాది. మంచిదే అనుకున్నాను. తీరా సూసుకుంటే, దాంతోపాటు నువ్వూ పోనావు."

నేను ఇంకో మొక్క తీసి వేళ్ళతో నొక్కాను.

"ఇంటికాడ అన్నముంది, తినేసెల్లు. ఆటో రెండింటికి" అంది మామూలుగా. ఊరి నుంచి వచ్చిన ఎవరితోనైనా అలాగే అంటుంది.

మళ్ళీ వంగింది. ఊడుపులు వేసేవాళ్ళు వెనక్కి అడుగులు వేస్తారు. వరస మొత్తం ఒక్కో అడుగే వెనక్కి జరుగుతోంది, ఆవిడా జరుగుతోంది. మొహం నావైపే ఉంది, చూపు మాత్రం చేతుల మీద. నాకూ ఆవిడకీ మధ్య ఒక వరస నారు లేచింది, తర్వాత ఇంకొకటి. నేను సగం కట్ట నారు చేత్తో పట్టుకుని అక్కడే ఉండిపోయాను. నేను నిలబడ్డ చోట నాటడానికి వీల్లేక, వాళ్ళు దాన్ని వదిలేసి వెళ్ళారు.